కొత్త అక్షరాలకు చోటు

"ఆంటీ, మెమరీ పెంచేద్దామా, వద్దా? ఏదో ఒకటి తేల్చండి," అంది షబానా. వారం రోజుల్లో ఆ పిల్ల ఇలా అడగడం మూడోసారి. వాళ్ళది వన్‌టౌన్. మద్దిలపాలెంలో వాళ్ళ నాన్న పెట్టిన కంప్యూటర్ రిపేరు దుకాణాన్ని ఇప్పుడు తనే నడుపుతోంది. నా కంప్యూటర్ ఈమధ్య మొండికేస్తోంది. ఒక ఫైలు తెరిచి రెండోది తెరవబోయేసరికి బిగుసుకుపోతుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. రాసింది ఉందో పోయిందో తెలియక ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. ఈ వయసులో ఇంత కంగారా అని ఎవరైనా నవ్వుకోవచ్చు గానీ, ఆ చక్రం ఆగేదాకా నేను తెర మీంచి చూపు తిప్పను. ఇంకో మెమరీ ముక్క పెడితే చాలు, అరగంట పని అంటుంది షబానా. ఆ అరగంట పనికి అవునో కాదో వారం నుంచి చెప్పలేకపోతున్నాను. కారణం ఆ పిల్లకి తెలియదు. తెలిస్తే నా మీద ఉన్న గౌరవం కొంచెం తగ్గుతుందని నా భయం.

"పోనీ, ఇంట్లో పాతవేమైనా ఉంటే వెతికి పెట్టండి ఆంటీ. పనికొస్తే వేసేస్తా, లేకపోతే స్క్రాపులోకి పోతాయి," అని బండెక్కి వెళ్ళిపోయింది. ఆ వెతుకులాటకే మేడ మీది గదిలోకి వెళ్ళాను. కంచరపాలెంలో మా ఇల్లు పట్టాలకు దగ్గర. పోర్టుకి పోయే ఖనిజం బళ్ళు కదిలినప్పుడల్లా ఆ గది కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఎంత తుడిచినా ఎర్రదుమ్ము పేరుకుంటుంది. ఆ దుమ్ములో నాన్న కాలంనాటి అక్షరాల కేసు ఒకటి మిగిలింది. కేసంటే వందల గళ్ళున్న చెక్క పళ్ళెం, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం ఉండేది. ఇప్పుడు గళ్ళన్నీ ఖాళీ. దాని మీద నాన్న దాచిన అచ్చుపనుల కవర్లు కట్టలుగా ఉన్నాయి. ప్రెస్సుకి వచ్చిన ప్రతి పనికీ నాన్న ఒక పెద్ద ఖాకీ కవరు పెట్టేవాడు. రాతప్రతి, ప్రూఫులు అందులోనే ఉండేవి. ఏ రోజు ఏం జరిగిందో కవరు వెనక తన చేత్తో రాసుకునేవాడు. ఆ కట్టలో ఎర్రయ్య మాస్టారి పుస్తకం కవరు కనిపించింది. ఎత్తేసరికి లోపల గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే, విప్పని ప్లాస్టిక్ సంచీలో దువ్వెనంత ఆకుపచ్చ పలక. దానికి చుట్టి మడతపెట్టిన బిల్లు.

అది మెమరీ. పాతికేళ్ళ క్రితం మా మొదటి కంప్యూటర్‌కి సరిపోయే రకం. కానీ మేము ఆ కంప్యూటర్‌కి ఎప్పుడూ మెమరీ పెంచలేదు. పెంచాలా వద్దా అని నాన్నా నేనూ కత్తులు దూసుకున్నాం, చివరికి వద్దనుకున్నాం. వద్దన్నది నేనే. మరి ఇదెక్కడిది? కవరు వెనక నాన్న రాత ఉంది గానీ కళ్ళజోడు కింద ఉండిపోయింది, చదవలేకపోయాను. ఆ పలకని చేత్తో పట్టుకుని కేసు పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

నాన్న కంపోజిటరు, అచ్చుకి సీసపు అక్షరాలు పేర్చే మనిషి. మా ఇంటి ముందు గదిలో కాలితో తొక్కే ఒక ట్రెడిల్ అచ్చు మిషనూ, గోడ పొడుగునా కేసులూ ఉండేవి. నా చిన్నతనమంతా కిరసనాయిలు, సిరా, సీసం కలిసిన వాసన. నాన్న బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. అన్నానికి లేచేముందు చేతులు కిరసనాయిలుతో రుద్ది, సబ్బుతో రుద్ది, మళ్ళీ మట్టితో రుద్దేవాడు. ఆ తర్వాత అమ్మ ఇచ్చిన బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు, సీసం ఒంటికి పట్టకుండా ఉంటుందని. ఎదుటివాడి చేతిలో పేపరు తలకిందులుగా ఉన్నా గడగడా చదివేసేవాడు. వాళ్ళు తిరగేసి ఇవ్వబోతే "ఉండనీ బాబూ, నాకిలగే బాగున్నాది," అనేవాడు.

మా దగ్గర అక్షరాలు ఎప్పుడూ తక్కువే. ఒకేసారి నాలుగు పేజీలు కట్టేసరికి కొన్ని గళ్ళు అడుగంటేవి. మరీ ముఖ్యంగా 'ళ్ళ'. అందుకని నాలుగు పేజీలు కట్టడం, అచ్చు తీయడం, ఆ పేజీలు విప్పి అక్షరాలన్నీ ఎక్కడివక్కడ గళ్ళలో వేయడం, మళ్ళీ నాలుగు పేజీలు కట్టడం. పుస్తకం ఎంత లావుదైనా అంతే. ఎప్పుడో ఏళ్ళకోసారి, అక్షరాలు పోతపోసే ఫౌండ్రీ నుంచి కొత్త అక్షరాలు వచ్చేవి. ఆ రోజు ఇంట్లో పండగలా ఉండేది. కొత్త సీసాన్ని అరిగిన సీసంతో కలపకూడదని నాన్న పట్టుదల, కలిపితే అచ్చు ఎగుడుదిగుడుగా పడుతుంది. కేసులో ఉన్న పాతదంతా తీసేసేవాడు. గళ్ళలో దుమ్ము కొలిమితిత్తితో ఊదేవాడు. చెక్కని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించేవాడు. ఉతికిన చొక్కా వేసుకుని అప్పుడు పొట్లం విప్పేవాడు. అంతదాకా మమ్మల్ని చూడనిచ్చేవాడు కాదు.

ఆ కేసులన్నీ, మిషనుతో సహా అమ్మేసి కంప్యూటర్ కొన్నాం. కొనిపించింది నేను. అచ్చుపని అంతా కంప్యూటర్లకి తరలిపోతుంటే ఇంకా సీసం పట్టుకు వేళ్ళాడటమేమిటని పోరి పోరి కొనిపించాను. సీసాన్ని తూకానికేసి పట్టుకుపోతుంటే నాన్న వీధిలోకి రాలేదు, పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. కంప్యూటర్ వచ్చాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. కీబోర్డు ఆయనకి అలవడలేదు. కానీ మా కంప్యూటర్‌లో ఉన్న మెమరీ కాస్తంతే, నాలుగు పేజీలు దాటి తెరిస్తే బిగుసుకుపోయేది. ఆ ఇబ్బందే నాన్నకి ఒక కుర్చీ వేసింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని ఏ నాలుగు ముందు కట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఏది మూసి ఏది తెరవాలో చెప్పేవాడు. "ఆ నాలుగూ అయిపోనాయా? మూసీ. ఇప్పుడీ నాలుగు తియ్యి," అనేవాడు. నాకు లోపల విసుగు. అప్పట్లో ఆ విసుగు దాచుకోవడం కూడా నాకు చేతనయ్యేది కాదు.

అలా ఉండగా ఎర్రయ్య మాస్టారు వచ్చారు. భీమిలి మనిషి, వేటకెళ్ళే కుటుంబంలో మొదట చదువుకున్నవాడు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. సముద్రం మీద వాళ్ళ వాళ్ళు మాట్లాడే మాటలన్నీ ఇరవై ఏళ్ళపాటు పోగేశారు. చేపల పేర్లు, గాలుల పేర్లు, వలలకీ తెప్పలకీ సంబంధించినవీ అకారాది క్రమంలో పెట్టి పుస్తకం రాశారు. యాభై ఆరు పేజీలు కట్టాం. ఆయన దిద్దారు. చివరి ప్రతి ట్రేసింగ్ కాగితం మీద తీసి పెట్టాం. దాన్నుంచి అచ్చు ప్లేట్లు చేయించడమే తరువాయి. ఆ వారంలో ఆయన బస్సు దిగి గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. కళ్ళలో నీటికాసులట. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేనని డాక్టరు అన్నాడట.

"అమ్మా, ఇవి నా మాటలు కావు. మా నాన్నవి. ఆయనకి చదువు రాదు," అన్నారు మాస్టారు, ట్రేసింగ్ కాగితాన్ని కంటి మూలకి జరుపుకుంటూ. "ఆయన నోటి మాటలు అచ్చులో ఓపాలి నా కంటితో నేను చదువుకోవాలి. ఎవరో చదివి వినిపిస్తే కాదు. అక్షరం పెద్దది చెయ్యగలవా?"

"దానికేటుంది మాస్టారూ, ఒక్క నొక్కు నొక్కితే పెద్దవైపోతాయి. వారంలో ఇచ్చేత్తాను," అన్నాను నేను. నాన్న నావైపు ఆశ్చర్యంగా చూశాడు. సీసంలో పన్నెండు పాయింటు సైజు అక్షరం పద్దెనిమిది పాయింటు సైజుకి పెరగదు. పెద్ద అక్షరం కావాలంటే వేరే కేసు ముందు నిలబడి మొదటి మాట నుంచి మళ్ళీ కట్టుకురావాలి. నేను కంప్యూటర్ గొప్ప చూపించుకోవడానికి అన్నానో, ఆయన మీద జాలితో అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండూ కావచ్చు.

అక్షరం పెంచితే మాటలన్నీ కిందికి జరిగిపోతాయి. నాలుగు పేజీలు తొమ్మిదవుతాయి. నాలుగేసి పేజీల ముక్కలన్నీ ఒక్క ఫైలుగా కలిపి పెంచితే వాటంతటవే సర్దుకుంటాయని నా లెక్క. కలిపాను. నొక్కాను. తెర మీద మౌసు గుర్తు ఇసుక గడియారంగా మారిపోయింది. ఎంతసేపు చూసినా కదలదు. చివరికి మెమరీ చాలదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి, అంతా నల్లబడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. ఆ రోజు ఆరుసార్లు చేశాను. ప్రతిసారీ పేజీలు బతికి ఉన్నాయో లేదో అని ఒక్కో ముక్కా తెరిచి చూసుకునేదాన్ని. నాన్న స్టూలు మీద నుంచి కదలకుండా చూస్తున్నాడు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అప్పారావు వచ్చి చూశాడు. "మావా, దీన్లో ఇంకో మెమరీ ఏసుకుంటే గాని ఈ పని అవదు. ఆలోసించకు," అన్నాడు నాన్నతో.

"డబ్బా ఇప్పితే మళ్ళీ పన్జేత్తాదని నువ్ రాసిత్తావేటి?" అన్నాడు నాన్న. అతను వెళ్ళాక నావైపు తిరిగాడు. "మెమొరీ మెమొరీ అంటావేటమ్మీ. అచ్చరాలు సాలకపోతే పని ఆపీసినావేటి నాను? ముక్కముక్కగా పెంచుకుందాం. నాలుగేసి పేజీలు తియ్యి, పెంచు, మూసీ. నాను పక్కనుండి సెప్తాను."

"ఒక్కో ముక్క చివర సగం పేజీ మిగిలిపోద్ది నాన్నా. అవన్నీ జరుపుకుంటూ కూకుంటే ఎన్ని రోజులవుతాదో తెలుసా? అక్కడ ఆయన కళ్ళు పోతన్నాయి."

"అందుకే ఇప్పుడే మొదలెడదామంటన్నాను."

ఆయన చెప్పిందే దారి. ఆ రోజే మొదలుపెట్టి ఉంటే గొడవే లేకపోను. కానీ నాకు పట్టుదల వచ్చేసింది. మెమరీ వస్తేనే పని ముట్టుకుంటానని భీష్మించుకు కూర్చున్నాను. నాన్న కొననన్నాడు. రెండు రోజులు ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు తప్ప మాట లేదు. అమ్మ కంచాలు పెట్టి "ఓలమ్మో, ఆ పెట్టొచ్చి నా కొంపకి నోరు నేకుండా సేసింది," అని వెళ్ళిపోయేది. శనివారం నాన్న ఎక్కడికో వెళ్ళి పొద్దువాలాక వచ్చాడు. ఎక్కడికని నేనడగలేదు.

ఆదివారం ఉదయం నేను భీమిలి వెళ్ళాను, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమని మాస్టారికి చెప్పడానికి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, గోడకున్న క్యాలెండరు మీది పెద్ద అంకెల్ని చూస్తున్నారు. "ఏడు కనిపిస్తోంది. పక్కనున్నది ఎనిమిదని తెలుసు కాబట్టి ఎనిమిదంటున్నాను," అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. తిరిగొచ్చే బస్సులో మూడు ఊళ్ళు దాటినా ఆ మాటే చెవిలో ఉంది.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో కిరసనాయిలు వాసన, అగరొత్తి వాసన. కంప్యూటర్ పెట్టె అద్దంలా తుడిచి ఉంది. దాని నెత్తిన పసుపు కుంకుమ బొట్టు. నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు, నాకోసమే ఎదురు చూస్తున్నట్టు. ముఖంలో రెండు రోజులుగా లేని వెలుగు. ఆదివారం కదా, ఇల్లు దులుపుకున్నారనుకున్నాను. కంప్యూటర్ వేశాను. మాస్టారి పేరున్న ఫోల్డరు తెరిచాను.

ఖాళీ.

మళ్ళీ మూసి తెరిచాను. ఖాళీ. "నాన్నా, పేజీలేవి?" అన్నాను.

"తీసీసినానమ్మీ," అన్నాడు నాన్న నింపాదిగా. "అచ్చు తీసీసినాం గదా, ట్రేసింగులు బీరువాలో బద్రంగున్నాయి. పెద్దచ్చరాలకి ఆ సిన్నచ్చరాలు దేనికి? కేసు కాళీ సేసి పెట్టినాను. సెత్తబుట్ట కూడా ఊడ్సీసినాను, నువ్వే నేర్పినావు గదా."

నేర్పింది నేనే. తెర మీది చెత్తబుట్ట ఖాళీ చేస్తేనే చోటు వస్తుందని, పక్కన కూర్చున్న మనిషికి ఏదో ఒక పని ఉండాలని నేనే నేర్పాను. మెమరీ వేరు, పేజీలు దాచుకునే చోటు వేరు అని మాత్రం ఏనాడూ విడమరిచి చెప్పలేదు. చెప్పినా ఆయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఫ్లాపీల డబ్బా తీశాను. కాపీలు మూడు ఉన్నాయి. మొదటిది పెట్టాను, గరగరమని అరిచి ఆగిపోయింది. రెండోది అంతే. మా ఉప్పుగాలికి ఫ్లాపీలు బూజు పట్టిపోయేవి. మూడోది పెట్టి కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు గరగరలాడి ఒక్క పేజీ ఇచ్చింది, పుస్తకం పేరూ మాస్టారి పేరూ ఉన్న మొదటి పేజీ. మిగతాదంతా పోయింది.

అప్పుడు నేనన్న మాటలు రాయక తప్పదు. "మెమరీ కొనకుండా ఉండాలనీసి ఇంత పని చేస్తావా? నీ మొండితనానికి ఆయన కళ్ళు కావాలా? నీ కాలం ఆ సీసంతోనే పోయింది నాన్నా. నీకే ఇంకా తెలవలేదు."

"అది కాదమ్మీ, నాను..." అని చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు నాన్న.

"నువ్వేటీ చెప్పొద్దు. అసలు ఈ కంప్యూటర్ జోలికే రావొద్దు."

జేబు మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. చుట్ట కోసం తడుముకుంటున్నాడనుకున్నాను. కాసేపటికి ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమ్మంలో అమ్మ చేటతో బియ్యం పట్టుకుని నిలబడిపోయింది. నాన్న లేచి, స్టూలు చప్పుడు కాకుండా గోడకి జరిపి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. సీసం అమ్మిన రోజు వెళ్ళి కూర్చున్న చోటికే.

తెల్లారి నేను లేచేసరికి ట్రేసింగ్ కాగితాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. నాన్న స్టూలు మళ్ళీ నా కుర్చీ పక్కన ఉంది. ఆయన నా ముఖం చూడలేదు. "పద్దెనిమిది పాయింట్లో మొదట్నుంచి కట్టు. నాను సదువుతాను. ముట్టుకోను," అన్నాడు. అంతే. మాట పక్కన మాట, కామా దగ్గర కామా, చుక్క దగ్గర చుక్క, కంపోజిటర్లు ఒకరికొకరు చదివి వినిపించే పద్ధతిలో మొదలుపెట్టాడు. ఇంట్లో ఎంత యాసలో మాట్లాడినా కాగితం చేతిలో ఉంటే ఆయన నోట ఒక్క అక్షరం జారేది కాదు. నాలుగు పేజీలు కాగానే ఆపేవాడు. ప్రింటు తీసుకో, మూసేయ్, మళ్ళీ నాలుగు. రోజుకి పన్నెండు పేజీలు. అక్షరం మొదటి నుంచీ పెద్దదిగానే కడుతున్నాం కాబట్టి కలపడం లేదు, పెంచడం లేదు, కంప్యూటర్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. మెమరీ అవసరమే రాలేదు.

ఆ పన్నెండు పేజీలూ సాయంత్రం బస్సుకి నాన్నే భీమిలి పట్టుకెళ్ళేవాడు. పుస్తకమంతా అయ్యాక ఒకేసారి ఇద్దామని నేనన్నాను. ఆయన వినలేదు. "అయినకాడికి సదూకోనీ. కళ్ళు మన కోసం ఆగవు," అన్నాడు. రోజూ తిరిగొచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక్క ముక్క చెప్పేవాడు. "అన్నీ సదివినారు." మర్నాడు, "అన్నీ సదివినారు. కొంచెం ఆలీసమయింది." ఇంకో రోజు, "ఎండ పోకముందే ఎల్లాల." నేను వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా, ఆ ఒక్క మాట వినేదాకా నా పనులేవీ సాగేవి కావు. ఎనిమిదో రోజున చెప్పులు విడిచి ఏమీ అనకుండా లోపలికి వచ్చేశాడు.

చివరి పేజీలిచ్చే రోజు నేను కూడా వెళ్ళాను. మాస్టారు వేలితో ఒక్కో మాటనీ తడుముతూ, కాగితం కంటి మూలకి ఆనించుకుని చదువుతున్నారు. 'వల' దాకా ఆయనే చదివారు. ఆ మాట దగ్గర వేలు చాలాసేపు ఉంది. "ఇది మా నాన్న అనే తీరుగానే ఉంది," అన్నారు. 'సంద్రం' దగ్గరికి వచ్చేసరికి కాగితాన్ని కోడలి చేతికిచ్చారు. ఆ అమ్మాయి చదువుతుంటే ఆయన కిటికీవైపు తిరిగి విన్నారు. నాన్న బయట అరుగు మీదే ఉండిపోయాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. ఆ రెండు రోజులు నా పంతం లేకపోతే ఆ చివరి పేజీలు కూడా ఆయనే చదువుకునేవారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ తప్పంతా నాన్నదని అనుకోవడం సులువుగా ఉండేది.

నెలైనాక అప్పారావు మళ్ళీ అడిగాడు, మెమరీ తేనా అని. నేను నాన్నవైపు చూశాను. మెమరీ పెరిగితే పేజీలు చెప్పే పని ఉండదు, స్టూలు ఉండదు అనిపించింది. "వద్దులే అప్పారావూ, మాకిలాగే బాగుంది. నాన్న పేజీలు చెప్తాడు, నేను కడతాను," అన్నాను. నాన్న నాకేసి ఒకసారి చూసి, "నీ ఇష్టమమ్మీ," అన్నాడు. వద్దులే అన్న నా మాటతో నా నోటిదురుసుకి నేనే క్షమాపణ చెప్పేసుకున్నట్టు లెక్క వేసుకున్నాను. ఆయన పోయేదాకా మా ఇంట్లో నాలుగు పేజీల పద్ధతే నడిచింది. తర్వాతి కాలంలో నలుగురిలో కూర్చున్నప్పుడు ఈ కథ చెప్పేదాన్ని కూడా, మా నాన్న మొండితనం గురించి నవ్వుతూ, చివర్లో నా మంచితనం కొంచెం కలిపి. వినేవాళ్ళు మెచ్చుకునేవారు.

చీకటి పడుతుంటే కిందికి దిగి కళ్ళజోడు పెట్టుకున్నాను. బిల్లు మీద దుకాణం ముద్ర, నాన్న పేరు, తేదీ ఉన్నాయి. కవరు వెనక నాన్న గుండ్రటి రాత. ఇంట్లో మాట్లాడే భాష కాదు, జీవితమంతా కట్టిన పుస్తకాల భాష. మొదటి వాక్యం శనివారానిది, తేదీ బిల్లు మీద ఉన్నదే. "మెమొరీ తెచ్చితిని. అమ్మికి రేపు చెప్పవలెను." దాని కింద ఆదివారం. "కేసు ఖాళీ చేసి శుభ్రపరచితిని." దాని కింద వేరే సిరాతో, కొంచెం వంకరగా, "56 పేజీలు పోయినవి. తప్పు నాది."

మూడుసార్లు చదివాను. కొనకుండా ఉండడానికి కాదు, కొన్నాకే ఖాళీ చేశాడు. ఫౌండ్రీ నుంచి పొట్లం వచ్చిన రోజు ఏం చేసేవాడో అదే చేశాడు. పాతది తీశాడు, తుడిచాడు, బొట్టు పెట్టాడు, తెల్లచొక్కా వేసుకుని నేను వస్తే పొట్లం విప్పుదామని కూర్చున్నాడు. నేను వచ్చి అరిచాను. జేబు మీద చెయ్యి పెట్టింది చుట్ట కోసం కాదు. ఆ రోజు చెప్పనివ్వలేదు సరే, ఆ తర్వాతైనా చెప్పొచ్చు. చెబితే నేనన్న మాటలన్నీ నాకే వచ్చి తగులుతాయి. అందుకే చెప్పలేదని నాకిప్పుడు అర్థమవుతోంది. మెమరీ వద్దులే అని నేను దయ చూపించిన రోజున అది ఆయన దగ్గరే ఉంది. "నీ ఇష్టమమ్మీ," అన్నాడు. నేను ఎక్కెక్కి ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

అప్పటి మెమరీ అంతా కలిపినా ఇప్పుడు ఒక్క ఫొటో పట్టదని షబానా అంటుంది. నిజమే. అంత ఇరుకులో ఒక పుస్తకం కట్టాం, ఒక మనిషి కంటిచూపుతో పందెం వేసుకుని. ఇప్పుడు చోటుకి కొదవ లేదు, దేన్నీ విప్పి గళ్ళలో వేయక్కర్లేదు. పక్కన స్టూలు కూడా అక్కర్లేదు. మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. ఆ స్టూలు మాత్రం నాకు కావాలనిపిస్తుంది.

మర్నాడు షబానాకి ఫోన్ చేసి రమ్మన్నాను. పెట్టె విప్పబోతుంటే ఒక్క నిమిషం ఆగమన్నాను. గుడ్డతో పెట్టంతా తుడిచి, నెత్తిన పసుపు కుంకుమ బొట్టు పెట్టాను. "ఏంటాంటీ ఇది?" అంది నవ్వుతూ. "కొత్త అక్షరాలొస్తే ఇలాగే చేస్తాం," అన్నాను. "పాతవేమైనా తీసెయ్యాలా?" అని అడిగింది. "ఏదీ తియ్యకమ్మా," అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా. అరగంట కూడా పట్టలేదు. వెళ్ళేముందు బల్ల మీది పాత మెమరీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఇప్పుడు దేనికీ పట్టదు ఆంటీ. విప్పను కూడా విప్పలేదే! తీసుకుపోనా?"

వద్దన్నాను. ఆ పిల్ల వెళ్ళాక దాన్ని బిల్లుతో సహా మళ్ళీ కవర్లో పెట్టాను. పెన్ను తీసుకుని, కవరు వెనక నాన్న రాసిన చివరి వాక్యం కింద ఆ రోజు తేదీ వేసి, ఆయన భాషలోనే ఒక్క వాక్యం రాశాను.

"అమ్మికి తెలిసినది."